ఒకటో వరస బొమ్మలు

రెండూ పదికి మేము బొమ్మల ఆసుపత్రి గుమ్మం ఎక్కేసరికి, కోటుగారు అప్పటికే కేసు తేల్చేసి గెలిచిన మొహంతో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

"అనవసరంగా శ్రమపడ్డారు పోస్టమ్మగారూ!" అన్నాడు మా పిన్నిని చూడగానే. "దొంగ దొరికింది. మూడింటికి ఉద్యోగం ఊడుతుంది. మీరు టీ తాగి వెళ్లిపోవచ్చు."

"మూడింటికా? అయితే ఇంకా యాభై నిమిషాలుందిగా," అంది పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "టీకి తొందరేం లేదు."

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసింది. రిటైరయ్యాక ఊరుకోక, పోయిన వస్తువులు వెతికిపెట్టడం మొదలుపెట్టింది. నేను ఆవిడ అక్క కూతుర్ని. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా ఆవిడ స్కూటరు నడపడం, ఆవిడ చెప్పింది రాసుకోవడం నా పని. జీతం లేదు, తిట్లు మాత్రం ఉచితం. ఇక కోటుగారంటారా, సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి. రోళ్లు పగిలే ఎండలో కూడా కోటు విప్పడు. ఇంతకుముందు రెండు కేసుల్లో మాకు ఎదురుపడి రెండుసార్లూ భంగపడ్డాడు, అందుకే ఈసారి మొహంలో అంత వెలుగు. ఆ వెలుగులో నాకు కనిపించింది ఒక్కటే, కోటు ఎడమచేతి మీద అతుక్కున్న పాత దూదిపోగు. పిన్నికి చూపిద్దామనుకునేలోగా ఆవిడ కళ్లు దాని మీద నుంచి వచ్చేశాయి కూడా.

"మొదట్నించీ చెప్పండి డాక్టరమ్మా," అంది పిన్ని.

డాక్టరమ్మంటే ఈ ఆసుపత్రి యజమానురాలు. నెత్తిమీద కళ్లజోడు, వేళ్లకి జిగురు. విరిగిన బొమ్మలకి కాళ్లు అతుకుతుంది, ఊడిన కళ్లు పెడుతుంది, మూగబోయినవాటిని మళ్లీ పాడిస్తుంది. కొందరు బొమ్మల్ని బాగుచేయమని తెస్తారు, కొందరు మాకొద్దు, ఎవరికైనా ఇచ్చేయమని తెస్తారు. ఇచ్చేసినవి రోజూ రెండున్నరకి వ్యాన్‌లో పిల్లల హోముకి వెళ్లిపోతాయి, అక్కడి ఆయాలే కడిగి కుట్టుకుంటారు. బాగుచేయాల్సినవి మర్నాడు డాక్టరమ్మ బల్ల ఎక్కుతాయి. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. లోకంలోని బొమ్మలన్నిటి కాళ్లూ సరిచేసే మనిషికి తన బల్ల కాలు సరిచేసుకునే తీరిక లేదు.

"ఈ వారంలో నాలుగు పోయాయండీ," అంది డాక్టరమ్మ. "సోమవారం వచ్చిన చెక్కగుర్రం. మంగళవారం తాళంచెవి బాతు. బుధవారం జడల బొమ్మ. అప్పటికి భయమేసి గురువారం సాయంత్రం ఈయన చేత కెమెరా పెట్టించాను. నిన్న రేకు ఇంజను పోయింది. గుర్రం తాలూకు తాతగారు రసీదు పట్టుకుని వచ్చి ఇక్కడే కూర్చుని ఏడ్చాడండీ. నలభై ఏళ్ల కిందట వాళ్ల నాన్న చెక్కి ఇచ్చిందట."

"ఇంజను కెమెరాలో పడింది," అన్నాడు కోటుగారు ఫోన్ ముందుకు చాపి. "చూడండి. నిన్న రెండూ పది. కౌంటరావిడ స్వయంగా తన చేత్తో ఇంజను సంచి తీసి దానం పెట్టెలో వేస్తోంది. పెట్టె వ్యాన్ ఎక్కింది. డ్రైవరూ ఈవిడా కలిసి దారిలోనే అమ్మేస్తున్నారు. చుట్టూ తిరగడం దేనికి?"

కౌంటరక్క అక్కడే ఉంది. యాభై దాటిన మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. కళ్లు ఎర్రబడి ఉన్నాయి కానీ తల మాత్రం దించలేదు. డాక్టరమ్మ చేతిలో సంతకం కోసం ఎదురుచూస్తున్న ఉత్తరాన్ని చూడకుండా, గోడ గడియారం చూస్తోంది.

"అమ్మా, నిన్ను దొంగవా అని అడగను," అంది పిన్ని. "నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పు. నిమిషాలతో సహా."

"ఎనిమిదీ యాభైకి వస్తానండీ. తొమ్మిదికి తలుపు తీస్తాను. బొమ్మ రాగానే బూడిదరంగు సంచిలో వేసి మూతి కట్టి, నంబరు చీటీ కడతాను. కంప్యూటర్లో ఆ నంబరుకో వరస వస్తుంది. ఆ వరసలో రెండు మాటలుంటాయి, మరమ్మతు, దానం అని. ఒక్కోదాని పక్కన ఒక్కో చిన్న చుక్క. మరమ్మతుకి ముందే పెట్టి ఉంటుంది. దానమైతే దానం నొక్కుతాను. రెండింటికి కిందున్న 'పూర్తి' నొక్కితే దానం నంబర్ల కాగితం వస్తుంది. ఆ నంబర్ల సంచులు పెట్టెలో వేస్తాను."

"సంచి విప్పి చూడవా?"

"రోజుకి నలభై సంచులండీ. అంకె చూస్తాను, వేస్తాను."

"రసీదు?"

"మరమ్మతువాళ్లకే ఇస్తాను. ఇచ్చేసేవాళ్లకి రసీదెందుకు?"

"అంతా తిన్నగానే ఉందిగా. ఈ వారం కొత్తగా ఏమైనా జరిగిందా? ఎంత చిన్నదైనా సరే."

అక్క కాస్త ఆలోచించింది. "కొత్త పేజీ వచ్చిందండీ, పోయిన ఆదివారం. అల్లుడుగారు చేశారు. బాగానే ఉంది కానీ... అది ఎగురుతుంది."

కోటుగారు ఫక్కున నవ్వాడు. "పేజీ ఎగురుతుందట! రెక్కలున్నాయేమో!"

"దానం నొక్కగానే గబుక్కున పైకి ఎగిరిపోతుందండీ," అంది అక్క, నవ్వుని పట్టించుకోకుండా. "నేను మళ్లీ కిందికి లాక్కుని నా పని చూసుకుంటాను. ఎగిరిందంటే పని అయినట్టు అనుకున్నా. లిఫ్టు బటన్ నొక్కితే దీపం వెలగదూ, అలాగ."

పిన్ని వేళ్ల మధ్య ఆడిస్తున్న పెన్ను ఆగింది. ఆవిడ పెన్ను ఆగిందంటే ఏదో దొరికినట్టే. కానీ పైకి మామూలుగానే అడిగింది. "ఈరోజు అందరికంటే ముందు ఎవరొచ్చారు?"

కౌంటరక్క నోరు తెరిచి మూసింది. "ఎవరో... పెద్దమనిషండీ. తొమ్మిది కాకముందే."

కోటుగారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. "ఇవన్నీ అడుగుతూ పొద్దు గడుపుతున్నారు. మీకు చేతకాకపోతే చెప్పండి మేడం!"

"నాకు చేతనైంది వేరుచేయడమేనండీ," అంది పిన్ని. "రండి, వెనకగది చూద్దాం."

వెనకగదిలో కుట్టక్క పనిచేస్తుంది. బొమ్మలకి చర్మం, చొక్కా, చెవులు అన్నీ ఆవిడ సూది మీదే. మేము వెళ్లేసరికి ఒక కోతికి తోక కుడుతూ దానికి ధైర్యం చెబుతోంది. గది నిండా రంపపుపొట్టు వాసన. గోడకి మూడు అరలు. మొదటి రెండింట్లో బాగైన బొమ్మలు, ఒక్కోదాని మెడలో చీటీ, ఎవరికి ఎప్పుడివ్వాలో రాసి ఉంది. మూడో అరలో తొమ్మిది బొమ్మలు ఉన్నాయి. చీటీ లేదు, పేరు లేదు.

"వీళ్లెవరు?" అంది పిన్ని.

"అదే అర్థంకాక చస్తున్నానండీ," అంది కుట్టక్క. "ఈ వారం మరమ్మతు సంచుల్లోనే వచ్చారు. శుభ్రంగా బాగుచేశాం. నిన్నటివి ఈ ఉదయమే పూర్తిచేశాం. కానీ వీటికి రసీదు నకలు లేదు, ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. అనాథలు, పాపం! సోమవారం మూడు, మంగళవారం ఒకటి, బుధవారం రెండు, నిన్న మూడు."

"గురువారం?"

"ఒక్కటీ లేదండీ. గురువారం కౌంటరులో నేనే కూర్చుంటాను, అక్కకి సెలవు."

"గురువారం బొమ్మ పోలేదు కూడా," అన్నాడు కోటుగారు గుమ్మంలోంచి. "విన్నారా? ఈవిడ సెలవులో ఉంటే దొంగతనం లేదు. నేను చెప్పేది కూడా అదే!"

"నేనూ అదే అంటున్నాను," అంది పిన్ని, అనాథ కుందేలు చెవి సవరిస్తూ.

బయట వ్యాన్ హారన్ రెండుసార్లు మోగింది. పెట్టె ఎక్కించిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు, వ్యాన్ వెళ్లిపోయిన చప్పుడు. నేను రెండూ ముప్పై రెండు అని రాసుకున్నాను. అలవాటుకొద్దీ రాసుకున్నానే తప్ప, దాని విలువ అప్పుడు నాకు తెలియదు.

"పెట్టె ఈరోజు కూడా ఆవిడే సర్దిందా?" అని అడిగాను.

"నేనే సర్దనిచ్చాను," అన్నాడు కోటుగారు గర్వంగా. "ఏం జరగనట్టు పని చేసుకోమన్నాను. కెమెరా చూస్తోందిగా! దారిలో డ్రైవర్ ఎక్కడ ఆగుతాడో మా మనిషి వెంట వెళ్లి చూస్తాడు. వల పన్నడమంటే అదీ."

పిన్ని అతన్ని ఒకసారి జాలిగా చూసింది. ఆ జాలి ఎందుకో అతనికి అర్థం కాలేదు, నాకూ కాలేదు.

రెండూ నలభైకి అందరం కౌంటరు చుట్టూ మూగాం. డాక్టరమ్మ అల్లుణ్ణి కూడా పిలిపించింది. పక్క వీధిలోనే ఉంటాడు, ఉద్యోగం ఎక్కడో లెక్కల ఆఫీసులో. అత్తగారికి పేజీ ఉచితంగా చేసిపెట్టాడు. ఉచితం కదా అని ఎవరూ ఏమీ అడగలేదు.

"నాలుగు బొమ్మలు పోయాయి, తొమ్మిది మిగిలాయి," అన్నాడు కోటుగారు వేళ్లు మడుస్తూ. "అటు నాలుగు, ఇటు తొమ్మిది. మీ అనాథలకీ నా దొంగతనానికీ లంకె ఎక్కడ? మోకాలికీ బోడిగుండుకీ ముడేస్తున్నారు మీరు."

"పోయిన నాలుగూ ఆయా రోజుల్లో ఎన్నో నంబరు?" అని అడిగింది పిన్ని.

అక్క పాత కాగితాలు తిరగేసింది. గుర్రం సోమవారం వచ్చిన మొదటి బొమ్మ. బాతు మంగళవారం మొదటిది. జడల బొమ్మ, ఇంజను కూడా అంతే.

"దొంగకి మొదట వచ్చినవాళ్లంటేనే ఎందుకంత ప్రేమ?" అంది పిన్ని. "అమ్మా, ఈరోజు పేజీ మళ్లీ కొత్తగా తియ్యి, అన్నీ మరమ్మతులోనే ఉండేలా. పదో వరసలో దానం నొక్కు. రోజూ ఎలా నొక్కుతావో అలాగే."

అక్క ఎడమచేత్తో ఖాళీ సంచి ఒకటి పట్టుకుని, కళ్లు దానిమీదే పెట్టి, కుడిచేత్తో నొక్కింది. చుక్క మీద కాదు, 'దానం' అన్న మాట మీద. పేజీ గబుక్కున పైకి ఎగిరింది.

"చుక్క మీద నొక్కవేం?"

"అది ఆవగింజంత ఉంటుందండీ. నా మణికట్టు సరిగా తిరగదు, పదిసార్లు గురి తప్పుతుంది. మాటైతే పెద్దగా ఉంటుంది. పాత పేజీలో మాట నొక్కితే చక్కగా పడేది."

"ఇప్పుడు నువ్వు నొక్కమ్మా," అంది పిన్ని కుట్టక్కతో.

సూది బెజ్జంలో ఒక్క పోటుకి దారం ఎక్కించే చెయ్యి కదా, కుట్టక్క నేరుగా చుక్క మీదే నొక్కింది. పేజీ కదల్లేదు, చుక్క పదో వరసలోనే పడింది. పిన్ని పేజీని మెల్లగా పైకి జరిపింది. ఇందాక అక్క నొక్కిన దానం పదో వరసలో పడలేదు. ఒకటో వరసలో, బుద్ధిగా కూర్చుని ఉంది.

అల్లుడుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ప్రతి వరసా ఒక ఫారం అత్తయ్యా," అన్నాడు నీళ్లు నములుతూ. "మొదటిది రాసి మిగతావాటికి దాన్నే కాపీ చేశాను. 'దానం' అన్న మాటకి తన చుక్క ఏదో తెలియాలంటే ఆ చుక్కకో ఐడీ, అంటే ఓ గుర్తింపు పేరు, ఉంటుంది. అన్ని ఫారాల్లోనూ ఒకే ఐడీ ఉండిపోయింది. మాట నొక్కగానే పేజీ పైనుంచి వెతుక్కుంటూ వస్తుంది, ఆ ఐడీతో మొదట ఎవరు కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. చుక్క మీదే నొక్కితే వెతికే పని లేదు, అందుకని సరిగా పడుతుంది."

"మా పరిధిలో ఒక వీధి ఉండేది బాబూ," అంది పిన్ని. ఆవిడ గొంతులో కోపం లేదు, పాత సరదా ఉంది. "ఒకే మేస్త్రి వరసగా పన్నెండు ఇళ్లు కట్టి, ఒకే పలక పన్నెండు చేయించి పన్నెండు గుమ్మాలకీ కొట్టించాడు. అన్నీ నాలుగో నంబరే! కొత్త పోస్ట్‌మ్యాన్ ఏం చేశాడు? వీధిలోకి తిరగ్గానే కనిపించిన మొదటి ఇంట్లో కట్టంతా పడేసి ఈలేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ ఇంటాయన నెల తిరిగేసరికి పదకొండు కుటుంబాల గుట్టు చదివేశాడు."

కుట్టక్క కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వాపుకోలేక కళ్లజోడు కళ్లమీదికి లాక్కుంది.

"సోమవారం మూడు దానాలొచ్చాయి," అని పిన్ని కోటుగారివైపు తిరిగింది. "మూడూ వెళ్లి ఒకటో వరస నెత్తిమీదే పడ్డాయి. పోయింది ఒక్క గుర్రం, మరమ్మతులో మిగిలిపోయినవి మూడు. నాలుగు రోజులకి నాలుగు పోయాయి, తొమ్మిది మిగిలాయి. లంకె దొరికిందా? మీ దొంగ సెలవు పెట్టినరోజు దొంగతనం లేదన్నారు. నిజమే. ఆరోజు సూదిచెయ్యి కూర్చుంది మరి. పోయిన నాలుగూ ఎవరూ అమ్ముకోలేదు, హోములో పిల్లలతో ఆడుకుంటున్నాయి."

"ఇది... ఇది ముందే పరీక్షించుకోవద్దా?" అన్నాడు కోటుగారు అల్లుడి మీదికి తిరిగి, ఇంకెవరి మీదికి తిరగాలో తెలియక.

"పరీక్షించానండీ," అన్నాడు అల్లుడు. "ఒక్క బొమ్మతో."

ఈసారి అందరం నవ్వాం. ఒక్క ఇల్లున్న వీధిలో ఏ పోస్ట్‌మ్యాన్ తప్పుతాడు!

అల్లుడుగారు అక్కడికక్కడే కూర్చుని సరిచేశాడు. ప్రతి ఐడీ తోకకీ ఆ బొమ్మ నంబరు తగిలించాడు, మాటకి కూడా అదే తగిలించాడు. ఇక ఏ రెండు చుక్కలకీ ఒకే పేరు రాదు. "పేజీలో ఎన్ని ఫారాలున్నా సరే, ఒక పేరు ఒకరికే," అని పిన్ని వల్లె వేయించింది. ఈసారి ముప్పై ఎనిమిది వరసలతో పరీక్షించమంది. అక్క మాట మీద నొక్కింది, చుక్క ఏ వరసదా వరసలో పడింది. పేజీ ఎగరలేదు. ఎగరకపోయేసరికి అక్కకి పని అయిందని నమ్మకం కుదరక, మళ్లీ మళ్లీ నొక్కి చూసింది.

మూడు కొట్టింది. డాక్టరమ్మ చేతిలోని ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, ఊగే బల్ల కాలి కింద దోపింది. బల్ల నిలబడింది. కౌంటరక్క అప్పుడు ఏడ్చింది. అంతసేపూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేసింది. డాక్టరమ్మ కూడా ఏడ్చి, "నన్ను క్షమించవే," అని జిగురు చేతుల్తోనే కౌగిలించుకుంది. నాకు కూడా కళ్లు తడిశాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

కథ అక్కడితో ముగిసిందనే అనుకున్నాను. పిన్ని మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఈరోజు దానాలు ఎన్ని వచ్చాయమ్మా?"

"రెండండీ," అని కళ్లు తుడుచుకుంటూ అన్న అక్క చెయ్యి మొహం మీదే ఆగిపోయింది.

"నువ్వు 'పూర్తి' నొక్కింది రెండింటికి. సరిచేసింది ఇప్పుడు. అంటే వ్యాన్ ఎక్కింది ఈరోజు ఒకటో వరస సంచి. ఎవరిదది?"

"అయ్యో," అంది అక్క. "ఈ గొడవలో అంకె తప్ప ఏమీ చూసుకోలేదండీ..."

"ఎవరిదమ్మా?"

అక్క పెదాలు బిగించింది. "అది మాత్రం చెప్పనండీ. ఎవరికీ చెప్పొద్దన్నారు, సరేనని మాటిచ్చాను."

పిన్ని తల తిప్పి చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కోటుగారి చెయ్యి తన ఎడమచేతి మీది దూదిపోగుని వెతుకుతోంది. తరవాత జేబులోకి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు ఆ చేతిలో రసీదుంది.

"గుడ్డ ఏనుగు," అన్నాడు. "నా చిన్నప్పటిది. ఎడమచెవి ఊడింది. ఎవరూ చూడకముందే ఇద్దామని పొద్దున్నే..."

నాకు నవ్వు రాలేదు. పొద్దున్నుంచీ తనని దొంగా దొంగా అంటున్న మనిషి రహస్యాన్ని కౌంటరక్క కడుపులో పెట్టుకుని తిరిగింది. ఒక్క మాట అంటే అతని పరువు గంగలో కలిసేది. అనలేదు.

"అమ్మా," అన్నాడు కోటుగారు ఆవిడతో. ఆ పిలుపు ఆ నోట్లోంచి రావడం నేను అదే మొదటిసారి విన్నాను. "డ్రైవర్ నంబరు మీ దగ్గర ఉంది కదా? ఒక్కసారి..."

అక్క అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుంది. మాట్లాడింది. విన్నది. మెల్లగా మావైపు తిరిగింది.

"ఏనుగు దిగిందటండీ. సంచి విప్పగానే ఒక పాప పట్టుకుందట. వదలడం లేదట. లాక్కోమంటారా అని అడుగుతున్నాడు."

కోటుగారు కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. తరవాత, రోళ్లు పగిలే ఎండల్లో కూడా విప్పని ఆ కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించి కూర్చున్నాడు.

"వద్దు," అన్నాడు. "ఎడమచెవి పట్టుకుని ఎత్తొద్దని చెప్పండి. దానికి నొప్పి."

అక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. అటునుంచి ఏదో అడిగారు. ఆవిడ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని పేరేంటని అడుగుతోందట పాప."

కోటుగారు మా అందరి మొహాలూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్లి, ఫోన్ అందుకుని, గోడవైపు తిరిగి ఆ పేరు చెప్పాడు.

మేము విన్నాం. నా పుస్తకంలో ఆ రోజు ప్రతి నిమిషం ఉంది, ఆ పేరు మాత్రం లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, సరేనని అందరం మాటిచ్చాం.